అమదూ దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది

"కళ్లు లేనివాళ్లే అంత సాధించారు, అన్నీ ఉన్న నీకేం తక్కువ?" ప్రేరణ పేరుతో పిల్లల్ని కూర్చోబెట్టి చాలామంది అనే మాట ఇది. నాకు ఈ మాట ఎప్పుడూ నచ్చలేదు. వినే పిల్లవాడికి మిగిలేది సిగ్గు. ఎవరి గురించి చెబుతున్నారో ఆ మనిషి పనితనం ఏమిటో మాత్రం ఎవరికీ తెలియకుండా పోతుంది. అందుకే మాలీ దేశపు గాయకుడు, గిటారిస్టు, పాటల రచయిత అమదూ బగయోకో గురించి చెప్పేటప్పుడు చూపు సంగతి ముందే చెప్పేసి పక్కన పెడతాను. 1954లో బమాకో నగరంలో పుట్టారు. పుట్టుకతో వచ్చిన శుక్లాల వల్ల టీనేజీలో చూపు పూర్తిగా పోయింది. ఇక ఆయన తీసుకున్న నిర్ణయాలు చూద్దాం. మనకు పనికొచ్చేవి అవే.

ఇరవై ఏళ్లకల్లా అమదూ 'లే అంబాసదూర్' అనే బృందంలో గిటారు వాయిస్తున్నారు. ఆ రోజుల్లో బమాకోలో బాగా పేరున్న బృందం అది. ముందు నిలబడి పాడేది సలీఫ్ కేతా. అమదూది పక్కవాద్యం. బృందం వాయించేది ఒక హోటల్‌లో; అక్కడికి దేశదేశాల అతిథులు వస్తారు. వాళ్లకోసం క్యూబా పాట, ఫ్రెంచి పాట, సొంత గడ్డ పాట ఏదైనా వాయించగలగాలి. అలా ఏళ్లు గడిచాయి. మీరు ఇప్పుడు ఎవరి వెనకో నిలబడి పనిచేస్తున్నారా? జీతం తీసుకుంటూ చదువుకుంటున్నారని అనుకోండి. అమదూ గిటారులో తర్వాత ప్రపంచం మెచ్చుకున్న వైవిధ్యానికి పునాది అక్కడే పడింది.

బమాకోలోని అంధ యువజనుల సంస్థలో ఆయనకు మరియమ్ దూంబియా పరిచయమైంది. ఆమె గొంతు, ఆయన గిటారు కలిశాయి. 1980లో పెళ్లి చేసుకున్నారు. అయిదేళ్ల వయసులో తట్టు సోకి, వైద్యం అందక మరియమ్ చూపు పోయింది. ఇప్పుడు టీకాతో ఆపగలిగే జబ్బు అది. దాన్ని ఎవరైనా తలరాత అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు నిర్ణయం దగ్గరికి వద్దాం. మాలీలో సంగీతానికి కొదవ లేదు. కొదవంతా దాన్ని రికార్డు చేసి జనంలోకి పంపే ఏర్పాట్లకే. పశ్చిమాఫ్రికా సంగీత వ్యాపారం అప్పట్లో పొరుగున ఉన్న ఐవరీ కోస్ట్‌లో, అబిజాన్ నగరంలో జోరుగా సాగుతోంది. 1986లో భార్యాభర్తలిద్దరూ అక్కడికి మారారు. ఇద్దరికీ చూపు లేదు, ఊరు కొత్త. బృందాన్ని పోషించే డబ్బు కూడా లేదు. ఉన్నవల్లా ఒక గిటారు, రెండు గొంతులు. వాటితోనే క్యాసెట్లు చేశారు. డ్రమ్స్ దొరికాక చేద్దాం, ఇత్తడి వాద్యాలు కుదిరాక చేద్దాం అని ఆగలేదు. ఆ క్యాసెట్లే పశ్చిమాఫ్రికా అంతటా తిరిగి వాళ్ల పేరు మోశాయి.

ఇక్కడ రెండు సంగతులున్నాయి. మన ఊళ్లో అవకాశం లేకపోతే మనలోనే సత్తా లేదనుకుంటాం. ఆ రెంటినీ విడదీసి చూడటం అమదూకి తెలుసు. లేని వనరుల కోసం ఆగిపోవడం ఆయనకు తెలియదు. మీరూ ఒక కాగితం తీసుకోండి. మీ పనికి కావాల్సింది ఏది ఇక్కడ దొరకదు, అది ఎక్కడ దొరుకుతుంది, అక్కడికి వెళ్లి మూడు నెలలు ఉండటానికి ఎంతవుతుంది అన్నవి రాయండి. అంకెలు వేసి చూస్తే భయం తగ్గుతుంది. ఇల్లు వదల్లేని బాధ్యతలుంటే, ఉన్నచోటే ఉన్న పరికరంతో ఈ నెలలో ఏం పూర్తిచేయగలరో రాయండి.

తర్వాతి మజిలీ ప్యారిస్. 1998లో 'సూ ని తిలే' ఆల్బంతో ఫ్రాన్స్‌లో వాళ్ల పాట రేడియోకెక్కింది. మాలీ బాణీకి ఎలక్ట్రిక్ గిటారు జతచేశారు. వాళ్ల సంగీతంలో క్యూబా ట్రంపెట్‌తో పాటు మన తబలా కూడా వినిపించింది. కలపడానికి జంకలేదు.

అంతకంటే ధైర్యం 2004లో అవసరమైంది. గాయకుడు మను చావోది అప్పటికే యూరప్‌లో పెద్ద పేరు. 'దిమాంష్ ఆ బమాకో' ఆల్బంకి ఆయన నిర్మాత అయ్యారు. తన గొంతు కలిపారు, వీధి చప్పుళ్లు చేర్చారు, ధ్వని తీరే మార్చారు. పాతికేళ్లకు పైగా పాడుతున్న కళాకారులు ఇంకొకరికి అంత చోటివ్వడం తేలిక కాదు. వాళ్లిచ్చారు. అయినా పాటల్లోని ఊరు వాళ్లదే, ఆదివారం పెళ్లిళ్లతో కళకళలాడే బమాకో. ఏది మార్చనివ్వవచ్చు, ఏది మార్చనివ్వకూడదు అన్నది ఆ దంపతులకు స్పష్టంగా తెలుసని నాకనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో ప్రతిష్ఠాత్మకమైన విక్టోర్ ద లా మ్యూజిక్ పురస్కారం ఆ ఆల్బంకి వచ్చింది. జట్టులో పనిచేసే ప్రతివాళ్లూ ఏది మార్చనివ్వాలో, ఏది వద్దో ముందే గీత గీసుకుంటే సగం గొడవలు ఉండవు.

ఆ తర్వాత 'వెల్కమ్ టు మాలీ' గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. 2009లో ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి కచేరీలో పాడారు. వీటన్నిటికంటే నాకు ఇష్టమైంది 'ఎక్లిప్స్' కచేరీ. హాలంతా చిమ్మచీకటి చేసి, శ్రోతల్ని అందులో కూర్చోబెట్టి పాడారు. "మాలీ గుడ్డి జంట" అన్న ముద్రతో వాళ్లను చాలాకాలం పరిచయం చేశారు. మన దగ్గరా మనిషి లోపాన్ని ఇంటిపేరులా తగిలించే అలవాటుంది. ఆ ముద్ర మీద వాళ్లు ఫిర్యాదు చేస్తూ కూర్చోలేదు. సంగీతాన్ని తాము ఎలా వింటారో అలాగే వినమని జనాన్ని పిలిచారు.

వయసు దాటిపోయిందని బెంగపడేవాళ్లు ఈ లెక్క చూడండి. ప్యారిస్ ఆల్బం వచ్చేనాటికి అమదూకి నలభై దాటాయి. మను చావోతో చేసిన ఆల్బం నాటికి యాభై. 2024 సెప్టెంబరులో ప్యారిస్ పారాలింపిక్స్ ముగింపు వేడుకలో మరియమ్‌తో కలిసి పాడేనాటికి 69. 2025 ఏప్రిల్ 4న బమాకోలో కన్నుమూశారు. ఇద్దరూ కలిసి చేసిన మరో ఆల్బం ఆ ఏడాదే విడుదలైంది.