మందు మన ఒంటికి అలవాటు పడుతుందా? బ్యాక్టీరియా జన్యువులు చెప్పే పాఠం



పోయిన నెల ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెబుతున్నాను. యాంటీబయాటిక్ మందులు బ్యాక్టీరియాను చంపుతాయని, కొన్ని బ్యాక్టీరియా మాత్రం వాటిని తట్టుకుని బతుకుతాయని చెప్పగానే వెనక బెంచీలోంచి ఒక బాబు లేచి, "టీచర్, మందును తట్టుకోవడం వాటికి ఎవరు నేర్పిస్తారు?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. కానీ అది చాలా మంచి ప్రశ్న.

ఆ తర్వాతి వారం పేరెంట్స్ మీటింగులో ఒక అమ్మ, "మా వాని ఒంటికి ఆ టాబ్లెట్ అలవాటైపోయింది టీచర్, ఇప్పుడు పని చేస్తలేదు. ఇంకా పెద్ద డోసు రాయించాలె" అన్నారు. ఇలా అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. బాబు ప్రశ్నకు, ఆ అమ్మ మాటకు జవాబు ఒకటే. అందుకే ఈ నెల సైన్సు పేజీలో ఆ సంగతే రాస్తున్నాను.

మారేది మన ఒళ్లు కాదు

యాంటీబయాటిక్ పని చేసేది బ్యాక్టీరియా మీద. అది పని చేయడం మానేస్తే మారింది మన పిల్లల ఒళ్లు కాదు, ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా.

అవి ఎలా మారతాయి? మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాను తీసుకుందాం. తిండి, వెచ్చదనం సరిగ్గా ఉంటే అది 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పది గంటల్లో 30 సార్లు రెట్టింపై, ఒక్క బ్యాక్టీరియా 107 కోట్లు దాటుతుంది. చీలిన ప్రతిసారీ అది తన డీఎన్ఏను తిరగరాసుకోవాలి. అందులో దాదాపు 46 లక్షల అక్షరాలు ఉంటాయి. మన పిల్లలు నోట్స్ రాసేటప్పుడు ఒక అక్షరం తప్పు పోయినట్టే, అక్కడా అప్పుడప్పుడు తప్పు పోతుంది. సుమారు వెయ్యిసార్లు రాస్తే ఒక అక్షరం మారుతుంది. దీన్నే పాఠంలో ఉత్పరివర్తనం అంటాం. కోట్ల బ్యాక్టీరియా ఉన్నచోట ఇలాంటి మార్పులు లక్షల్లో ఉంటాయి.

ఆ మార్పుల్లో చాలావరకు పనికిరానివే. కానీ ఏదో ఒక బ్యాక్టీరియాలో మార్పు మందుకు అడ్డుపడేది కావచ్చు. మందు అతుక్కునే చోటు ఆకారం మారిపోవచ్చు, లేదా లోపలికి వచ్చిన మందును మోటారు పెట్టినట్టు బయటికి తోడేసే శక్తి పెరగవచ్చు. గమనించండి, ఈ మార్పు మందు రాకముందే జరిగి ఉంటుంది. మందు వచ్చాక మిగతావన్నీ చస్తాయి, ఆ ఒక్కటి మిగులుతుంది. ఇప్పుడు దానికి పోటీ లేదు. తిండి, చోటు అంతా దానిదే.

పత్తి పండించే కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. బీటీ పత్తి వచ్చిన కొత్తలో గులాబీ రంగు పురుగు దాన్ని తిని చచ్చేది. తట్టుకోగలిగిన కొన్ని పురుగులు మిగిలాయి, వాటి సంతానమే చేన్లలో పరచుకుంది. పురుగుకు ఎవరూ నేర్పలేదు. బ్యాక్టీరియాకూ అంతే. మందు వాటికి పాఠం చెప్పదు, తట్టుకునేవాటిని ఏరి పెడుతుంది.

పరీక్ష హాల్లో చిట్టీలు

బ్యాక్టీరియాకు ఇంకో దారి కూడా ఉంది. ఆసుపత్రుల్లో డాక్టర్లను ఎక్కువగా భయపెడుతున్నది అదే.

పరీక్ష హాల్లో ఒక పిల్లవాడు కష్టమైన లెక్కకు జవాబు తానే కనుక్కున్నాడనుకోండి. అది సొంత తెలివి. దాన్ని చిట్టీ మీద రాసి పక్కవాడికి ఇచ్చాడు, వాడు ఎక్కించుకుని ఇంకొకడికి ఇచ్చాడు. గంటలో హాలంతా అదే జవాబు. బ్యాక్టీరియాలో ఈ చిట్టీ పేరు ప్లాస్మిడ్. అది అసలు క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం. రెండు బ్యాక్టీరియా సన్నని గొట్టంలాంటి దానితో కలుసుకుని, ఒకటి తన ప్లాస్మిడ్ నకలును రెండోదానికి ఇస్తుంది. దీన్ని సంయుగ్మం అంటారు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఒకే చిట్టీ మీద నాలుగైదు లెక్కల జవాబులు ఉన్నట్టు, ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు రకాల మందులను తట్టుకునే జన్యువులు ఉండవచ్చు. రెండోది, ఈ చిట్టీ తన క్లాసులోనే తిరగదు. ఒక జాతి బ్యాక్టీరియా నుంచి వేరే జాతికీ వెళ్తుంది. మనకు ఏ హానీ చేయని బ్యాక్టీరియా దగ్గరున్న జన్యువు రేపు జబ్బు చేసేదాని చేతికి రావచ్చు.

ఆసుపత్రిలో ఎందుకు ఎక్కువ?

ఆసుపత్రిలో మూడు సంగతులు ఒకచోట కలుస్తాయి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పక్కపక్క మంచాల మీద ఉంటారు. బలమైన యాంటీబయాటిక్‌లు రోజూ వాడక తప్పదు. వెంటిలేటర్ గొట్టాలు, మూత్రపు గొట్టాలు, సెలైన్ సూదులు బ్యాక్టీరియాకు లోపలికి దారి ఇస్తాయి. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి అవి ఎక్కువగా ప్రయాణించేది చేతుల మీదనే. డాక్టర్లవి, నర్సులవే కాదు, చూడటానికి వెళ్లిన మన చేతులు కూడా.

దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ మన దేశం పేరుతోనే ముడిపడి ఉంది. న్యూఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ తిరిగి వెళ్లిన భారత సంతతి రోగి ఒకరికి 2008లో మూత్రంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు దాచిపెట్టుకునే కార్బపెనెమ్ మందులు కూడా దాని మీద పని చేయలేదు. ఆ మందులను ముక్కలు చేసే ఎంజైమ్‌ను తయారు చేసే కొత్త జన్యువు అందులో ఉంది. 2009లో దాని గురించి ప్రచురిస్తూ ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. అందులో 'ఎన్‌డీ' అంటే న్యూఢిల్లీ. ఆ పేరు మీద మన దేశంలో పెద్ద అభ్యంతరమే వచ్చింది. నాకు ఆ పేరు కంటే ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది. అదే రోగి పేగుల్లోని ఈ.కోలైలో కూడా ఆ జన్యువు దొరికింది. అంటే ఒక మనిషి ఒంట్లోనే చిట్టీ ఒక జాతి నుంచి ఇంకో జాతికి చేరి ఉంటుందన్నమాట.

ఇలాంటి కేసుల్లో డాక్టర్లకు మిగిలే కొద్ది మందుల్లో కొలిస్టిన్ ఒకటి. దాన్ని కోళ్ల ఫారాల్లో కోళ్లు ఏపుగా పెరగడానికి దాణాలో కలిపేవారు. తినే జంతువులకు, కోళ్లకు దాన్ని వాడకుండా మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది.

పటాన్‌చెరు వాగులో దొరికిన జన్యువులు

ఈ జన్యువులు ఆసుపత్రి గోడల మధ్యే ఉండవు. మందు పడిన చోటల్లా అదే ఏరివేత జరుగుతుంది. దానికి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మన లెక్కలో చెప్పాలంటే, ఒక పెద్ద బిందెడు నీళ్లలో 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కరిగినట్టు. ఆ నీళ్లు కలిసిన వాగు అడుగున ఉన్న మట్టిలోని డీఎన్ఏను తర్వాత చదివి చూస్తే, మందులను తట్టుకునే జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్‌లు చాలా ఎక్కువగా దొరికాయి. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి.

పిల్లలకు మ్యాపు చూపించండి. పటాన్‌చెరు దగ్గరి ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. మంజీర కందకుర్తి దగ్గర మన గోదావరిలో కలుస్తుంది. ఒక ఊరి సమస్య ఆ ఊరిలోనే ఆగదని చెప్పడానికి ఇంతకంటే మంచి మ్యాపు అక్కర్లేదు.

రెండు హైదరాబాద్‌ల కథ

టైఫాయిడ్ పేరు వినని ఇల్లు మన దగ్గర లేదు. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోనూ హైదరాబాద్ అనే నగరం ఉంది. 2016 నవంబరు నుంచి అక్కడ మామూలుగా ఇచ్చే మందుల్లో ఐదు రకాలకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. ఎక్కువగా జబ్బుపడింది పిల్లలే. జన్యువులను చదివితే, ఆ టైఫాయిడ్ బ్యాక్టీరియా దగ్గర ఒక కొత్త ప్లాస్మిడ్ కనిపించింది. ఈ.కోలైలో ఉండే ప్లాస్మిడ్‌తో అది బాగా సరిపోలింది. మళ్లీ అదే చిట్టీ కథ.

అక్కడి పిల్లలను కాపాడటానికి వేసిన టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసినది. 2019 నవంబరులో పాకిస్తాన్ సింధ్‌తో మొదలుపెట్టి ఇలాంటి టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చింది. జబ్బే రాకపోతే యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. మందు వాడకపోతే ఏరివేత కూడా ఉండదు.

మన ఇంట్లో మనం చేయగలిగింది

బ్యాక్టీరియా తట్టుకునే శక్తి వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. సిజేరియన్, డయాలసిస్, క్యాన్సర్ చికిత్స, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంరక్షణ అన్నీ ఈ మందుల మీదే ఆధారపడి ఉన్నాయి. రేపు మన పిల్లలకు అవసరం వచ్చినప్పుడు ఇవి పని చేయాలంటే ఈ రోజు కొన్ని జాగ్రత్తలు చాలు.

1. వానాకాలంలో ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా జ్వరాలు వస్తూనే ఉంటాయి. జలుబు, డెంగీ, చికున్‌గున్యా వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటి మీద యాంటీబయాటిక్ పని చేయదు. జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించండి, మందు తర్వాత.

2. "తొందరగా తగ్గేది రాయండి" అని డాక్టరును ఒత్తిడి చేయకండి. "ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చిందా? కల్చర్ పరీక్ష అవసరమా?" అని అడగండి. అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పుగా అనుకోరు.

3. మందుల షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడనిది. ఈ గుర్తు గురించి కేంద్ర ఆరోగ్య శాఖ 2016 నుంచి ప్రచారం చేస్తోంది.

4. డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన డోసులోనే వేయండి. సొంతంగా మధ్యలో ఆపొద్దు, సొంతంగా పొడిగించొద్దు. అక్కకు రాసినవి తమ్ముడికి వేయొద్దు. మిగిలిన మాత్రలు పోయిన సంవత్సరం జ్వరానివైనా సరే, దాచిపెట్టొద్దు.

5. ఆసుపత్రికి ఎవరినైనా చూడటానికి వెళ్తే లోపలికి వెళ్లేముందు, బయటికి వచ్చాక చేతులు కడుక్కోండి. చిన్నపిల్లలను ఐసీయూ వార్డులకు తీసుకెళ్లకండి. టీకాలు వాయిదా వేయకండి.

పిల్లలతో కలిసి చేయండి

ఈ ఆదివారం ఇంట్లోని మందుల డబ్బా పిల్లల ముందు తెరవండి. ఎర్ర గీత ఉన్న షీట్లు ఎన్ని ఉన్నాయో, అవి ఎవరికి, ఎప్పుడు రాసినవో వాళ్లనే లెక్క రాయమనండి. తర్వాత ఒక గిన్నెలో బియ్యపు గింజ ఒకటి పెట్టి 20 నిమిషాలకోసారి రెట్టింపు చేయమనండి. రెండు గంటలకు 64 గింజలవుతాయి. ఐదు గంటలకు 32,768 కావాలి, లెక్కపెట్టేవాళ్లకు ఓపిక పోతుంది. పది గంటలకు ఎన్నో నోట్‌బుక్‌లో గుణించి తెమ్మనండి, క్లాసులో చూస్తాను.

ఆ లెక్క రాస్తున్నప్పుడు మీ పిల్లలు కూడా మా బాబులాగే, "వాటికి ఎవరు నేర్పిస్తారు?" అని అడిగితే ఇలా చెప్పండి: "ఎవరూ నేర్పరు. అవసరం లేని చోట మనం మందు వాడిన ప్రతిసారీ, తట్టుకునేవాటిని మనమే ఏరి పెంచుతున్నాం."