మా కాలనీ ఎందుకంత ప్రశాంతంగా ఉంటుంది?

కాలేజీలో ఎవరైనా "ఎక్కడుంటావ్?" అని అడిగితే "బీరంగూడ" అంటాను. "అబ్బ, అటువైపు ప్రశాంతంగా ఉంటుంది కదా!" అంటారు. నిజమే. మెయిన్ రోడ్డు మీద నరకంలా ఉన్నా, రెండు మలుపులు తిరిగి మా కాలనీలోకి వస్తే మధ్యాహ్నం పూట పావురాల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఈ సంచికకి ఏదైనా వ్యాసం రాయమని క్లబ్ వాళ్లు అడిగినప్పుడు, ఈ ప్రశాంతత ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుందాం అనిపించింది. కొంచెం చదివాను, కొంచెం చూశాను. తెలిసింది మీతో పంచుకుంటున్నా.

ముందు ఒక మాట సంగతి: శివారు

మాలాంటి కాలనీలని పేపర్లు "నగర శివారు" అని రాస్తాయి. కానీ పాత భూమి కాగితాలు చూడండి. "ఫలానా గ్రామ శివారు, సర్వే నంబరు ఇంత" అని ఉంటుంది. అక్కడ శివారు అంటే ఆ ఊరి పొలాలు, ఆ ఊరి హద్దు. అంటే అమీన్‌పూర్ శివారు అమీన్‌పూర్‌దే. ఇప్పుడు అదే నేల హైదరాబాద్ శివారు అయింది. మాట మారలేదు, కానీ ఊరు మధ్యలోంచి అంచుకి జరిగింది.

నిజానికి ఇది ఎవరి అంచూ కాని చోటు. కళ్యాణి చాళుక్యుల కాలంలో రాజధానిగా ఉన్న పొట్టలకెరె ఈ పటాన్‌చెరే అని చరిత్రకారులు గుర్తించారు. కన్నడంలో కెరె అన్నా, మనకి చెరువన్నా ఒకటే. పేరులో నీళ్లున్న ఊరు ఇది. ఆ నీళ్ల సంగతి తర్వాత చెప్తా.

మూడు రకాల ఇళ్లు

మా ప్రాంతంలో ఇళ్లని నేను మూడు రకాలుగా విడదీశాను.

మొదటిది టౌన్‌షిప్. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. కర్మాగారంతో పాటే క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆట మైదానం కట్టారు. తర్వాత ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ దగ్గరా ఇదే పద్ధతి. పని చేసే చోటే ఉండే చోటు. సైరన్ మోగితే ఇంట్లో వాళ్లకీ వినపడుతుంది.

రెండోది రూములు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, తర్వాత పాశమైలారంలో ప్రైవేటు పరిశ్రమలు వచ్చాయి. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి ఎంపీగా గెలిచాక ఆ జోరు ఇంకా పెరిగింది. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు, ఇనుము కంపెనీలు. వాటిలో ఎక్కువ వాటికి క్వార్టర్లు లేవు. పనివాళ్లు ఇస్నాపూర్ లాంటి చోట్ల అద్దె రూముల్లో ఉంటారు. ఒకరు డ్యూటీకి పోతే ఇంకొకరు వచ్చి అదే చాప మీద పడుకునే రూములు కూడా ఉన్నాయి.

మూడోది మాది, కాలనీ. 2003లో లింగంపల్లికి ఎంఎంటీఎస్ వచ్చింది. హైటెక్ సిటీ ఉద్యోగాలు, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాయి. 2007లో పటాన్‌చెరు, రామచంద్రాపురం జీహెచ్‌ఎంసీలో కలిశాయి. 2017లో మెట్రో మియాపూర్ దగ్గర మొదలైంది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఇక్కడ ఉండేవాళ్లలో ఎక్కువమంది పని ఇక్కడ కాదు. పడుకోవడానికి వస్తారు, తెల్లారి వెళ్లిపోతారు.

ప్రపంచంలోనూ ఇదే కథ జరిగింది. 1898లో ఇంగ్లండ్‌లో ఎబెనెజర్ హోవర్డ్ అనే ఆయన "ఉద్యాన నగరం" అనే ఆలోచన రాశాడు. పెద్ద నగరానికి దూరంగా, చుట్టూ పొలాలతో, ఇళ్లూ పరిశ్రమలూ ఒకేచోట ఉండే చిన్న ఊరు. 1903లో లెచ్‌వర్త్ అలా మొదలైంది. తర్వాత చాలా దేశాల్లో ఆ ఆలోచనలోంచి చెట్లూ ఇళ్లూ తీసుకున్నారు, పనిని మాత్రం వదిలేశారు. మా దగ్గర అమ్మే విల్లాల బ్రోచర్లలో కూడా చెట్లే ఉంటాయి, పక్కనున్న కంపెనీలు కనపడవు.

గేటు దగ్గర ఒక పొద్దున

ఒక సోమవారం మా కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ తాత పక్కన కుర్చీ వేసుకుని నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నా.

ఐదుంబావుకి మా బాపు, ఇంకో ఇద్దరు టిఫిన్ బాక్సులతో బయటకి వెళ్లారు. ఎ షిఫ్ట్, ఆరింటికి పంచ్. వాళ్లు పడమటికి, పాశమైలారం వైపు. ఆరున్నరకి ఇళ్లలో పనిచేసే అక్కలు ఆటోల్లో లోపలికి వచ్చారు. ఏడింటికి స్కూలు బస్సులు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా బైకులు, కార్లు, క్యాబ్‌లు, అన్నీ తూర్పుకి. బస్సు ఎక్కేవాళ్లు మెయిన్ రోడ్డుకి నడిచి 218, 219 పట్టుకుంటారు. పదింటికల్లా కాలనీ ఖాళీ. మిగిలింది ముసలివాళ్లు, పసిపిల్లలు, "పాత ఇనుప సామాన్లు కొంటాం" అనే మైకు.

నోట్‌బుక్ మూసేశాక అర్థమైంది. మా ప్రశాంతత మా ఊరి గుణం కాదు. మేము చప్పుడంతా వేరేచోట చేసి వస్తాం. మాకోసం చప్పుడు చేసేవాళ్లు ఇంకోచోట ఉంటారు.

నీళ్లు, గాలి

మంజీర నీళ్లు మా ప్రాంతం మీదుగానే పైపుల్లో నగరానికి వెళ్తాయి. ఇటు పరిశ్రమల మురికి ఏళ్ల తరబడి నక్కవాగులోకి, అందులోంచి మంజీరలోకి పోయింది. నష్టపోయిన ఊళ్ల తరఫున 1990లో కేసు సుప్రీంకోర్టుకి చేరింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! ఆ ఫలితం ప్రపంచమంతా చర్చ అయింది. మా కాలనీలో మాత్రం నేను అడిగిన పదిమందిలో ఒక్కరికీ తెలియదు. నాకూ ఈ వ్యాసం కోసం చదివేదాకా తెలియదు.

మంచి కూడా ఉంది. మాకు దగ్గర్లోని అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. దేశంలో ఒక చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. మా బిల్డింగ్ పైనుంచి ఆ చెరువు కనిపిస్తుంది. ఐదేళ్లలో నేను గట్టు మీదకి వెళ్లింది రెండుసార్లు.

2025 జూన్ 30

అది కూడా సోమవారమే. ఆ వారం బాపుది బి షిఫ్ట్, మధ్యాహ్నం పోవాలి. తొమ్మిది దాటాక ఫోన్ వచ్చింది. పాశమైలారంలో ఒక మందుల కర్మాగారంలో పేలుడు. బాపు పనిచేసేది అక్కడ కాదు, కానీ దూరం కూడా కాదు. అన్నం ముందు నుంచి లేచి చెప్పులేసుకున్నాడు. అమ్మ ఆపితే, "నిన్న చాయ్ డబ్బాకాడ ఆ పోరలు నాతోనే కూసున్నరు. ఒక్కసారి చూసొస్త" అన్నాడు.

ఆ ప్రమాదంలో యాభై మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. బాపు చూసొస్తానన్న పోరల్లో ఇద్దరు మళ్లీ చాయ్ డబ్బా దగ్గరికి రాలేదు. వాళ్ల పూర్తి పేర్లు బాపుకి అప్పటిదాకా తెలియవు.

మా కాలనీకి ఆ చప్పుడు వినపడలేదు. ఆ రోజు మా కాలనీ వాట్సాప్ గ్రూపు తీసి చూస్తే, పొద్దున నీళ్ల ట్యాంకర్ గురించి, మధ్యాహ్నం లిఫ్ట్ గురించి మెసేజ్‌లు. సాయంత్రం ఎవరో వార్త పెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు. అందులో ఒకటి నాది. ఆ తర్వాత పార్కింగ్ గొడవ.

ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పట్లేదు. వాళ్లంతా మంచివాళ్లే. నాకు జ్వరం వస్తే పక్కింటి ఆంటీ రెండు రోజులు జావ పంపింది. కాకపోతే మేమంతా తూర్పుకి చూస్తూ బతుకుతున్నాం. పడమటి దిక్కున పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లు మాకు పొరుగువాళ్లని మాకెప్పుడూ తట్టలేదు.

మీరు కూడా చేసి చూడండి

మనలో చాలామంది ఇలాంటి కాలనీల్లోనే ఉంటున్నాం. ఒక ఆదివారం కూర్చుని ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు రాయండి.

1. మీ కాలనీ స్థలం పాత కాగితాల్లో ఏ ఊరి శివారు?
2. మీ ఇంటికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? మురుగు ఎక్కడికి పోతుంది?
3. పొద్దున గేటులోంచి ఎవరు ముందు బయటకి పోతారు? ఎవరు లోపలికి వస్తారు?
4. మీకు ఐదు కిలోమీటర్ల లోపు ఉన్న కర్మాగారాల్లో ఏం తయారవుతుంది?

నేను నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్న నాకే తెలియలేదు. బాపుని అడిగి రాసుకున్నా.

చివరిగా ఒకటి. బాపు వాళ్ల షిఫ్ట్ బస్సు మొదట్లో మా గేటు దాకా వచ్చేది. తెల్లవారుజామున హారన్ వల్ల నిద్ర పాడవుతోందని గ్రూపులో కంప్లయింట్ వస్తే, కాలనీ మీటింగ్‌లో తీర్మానం చేసి బస్సుని మెయిన్ రోడ్డు దగ్గరే ఆపించారు. అప్పట్నుంచి ముగ్గురూ చీకట్లో నడిచి పోతున్నారు, వానాకాలంలో కూడా. ఆ మీటింగ్‌కి నేనూ వెళ్లాను. అందరితో పాటు చెయ్యెత్తాను. ఇంటికొచ్చి చెప్తే బాపు ఏమీ అనలేదు, "సరే తియ్, నడిస్తే మంచిదే" అన్నాడు.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. బస్సుని గేటు దాకా రానివ్వమని అడుగుతాను. హారన్ కొట్టొద్దని డ్రైవర్ అన్నకి నేనే చెప్తానని కూడా అంటాను. ఏమైందో వచ్చే సంచికలో రాస్తా. మీ నాలుగు జవాబులూ పంపండి.