మళ్ళీ మళ్ళీ వచ్చే చిక్కుకు మూలం ఎక్కడ?



ఇంట్లోగాని, పనిచేసే చోటగాని ఒకే చిక్కు పదే పదే వస్తుంటే మనం ముందు ఎవరినో ఒకరిని తప్పుపడతాం. తిట్టినా, మనిషిని మార్చినా అదే చిక్కు తిరిగి వస్తోందంటే, కారణం పని జరిగే తీరులో ఉందేమో చూడాలి. ముడిపడి ఉన్న విషయాలన్నిటినీ కలిపి చూడడాన్ని ‘వ్యవస్థగా ఆలోచించడం’ అంటారు. ఈ సంచికలో దానిని మన కోనసీమ సంగతులతోనే నేర్చుకుందాం.

పొలంలో

2011 ఖరీఫ్‌లో మన రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు పెరిగింది అన్నారు. వాటికి తోడు మురుగు కాలువల బాధ. డ్రెయిన్లలో పూడిక, గుర్రపుడెక్క పేరుకుంటే వాన నీరు సముద్రానికి పోదు, చేను మునుగుతుంది. కాలువ నీరు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం. అప్పుడు కోతలు తుపానుల్లో పడతాయి. తడిసిన ధాన్యానికి ధర రాదు. ధర రాని రైతు మరుసటి ఏడు పెట్టుబడి పెట్టలేడు. ఏ ఒక్కరిని నిందించినా ఈ గొలుసు తెగదు. అందుకే ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం కారణాలన్నీ పరిశీలించడానికి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది.

ఇంట్లో

ఒకరికి డెంగీ తగ్గేలోగా ఇంకొకరికి జ్వరం. “రాత్రి దోమల చక్రం వెలిగించాం కదా!” అంటాం. డెంగీ దోమ పగలు కుడుతుంది. పెరట్లోని కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో, మూతలేని తొట్లలో నిలిచిన నీటిలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. గొలుసు తెంపడానికి మనకు దొరికే చోటు ఈ గడువే. వారానికొకసారి నీరు పారబోసి, తొట్టి లోపలి గోడలు రుద్ది కడిగి ఆరబెట్టండి. జ్వరం ఉన్నవారిని కుట్టిన దోమే ఇతరులకు జ్వరం తెస్తుంది గనుక రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచండి. పక్కింటి పెరడూ ముఖ్యమే. తగవు పడకుండా కలిసి శుభ్రం చేసుకోండి. జ్వరం తగ్గుతున్నా తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి.

పనిలో

కొట్లో రోజూ సాయంత్రం లెక్క తప్పుతోంది. పనివాడిని కేకలేస్తాం. అరువు రాసే పుస్తకం లోపలి గదిలో ఉంటే రద్దీలో అతడు ఎలా రాస్తాడు? పుస్తకం, కలం గల్లాపెట్టె పక్కనే పెట్టి చూడండి.

మీరు చేయవలసినవి

1. చిక్కు ఏ రోజు, ఏ వేళ వస్తోందో రెండు వారాలు రాయండి.
2. దానికి ముందు ఏం జరిగింది? అంతకు ముందు? అని వెనక్కి వెళ్ళండి.
3. అందులో మీ చేతనైన చోటు ఏదో గుర్తించండి.
4. ఒక్క మార్పే చేసి, మళ్ళీ రెండు వారాలు చూడండి. తగ్గకపోతే మరో చోట ప్రయత్నించండి.

కావాలని చేసిన తప్పును కప్పిపుచ్చమని మేము చెప్పడం లేదు. అలాగే డ్రెయిను పూడిక వంటివి ఒక్క ఇంటివల్ల కావు. వీధివారంతా కలిసి పంచాయతీని అడగాలి.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక్క చిక్కును ఎంచుకోండి. “ఎవరు చేశారు?” అని కాక “ఎలా జరుగుతోంది?” అని అడగండి. పిల్లల మాట కూడా వినండి. పెద్దలు చూడనిది వాళ్ళు చూసి ఉండవచ్చు.