తరగతి గదిలో అంతర్జాల సాధనములు – ఒక పరిశీలన

ఏ కాలమునందైనను ఉపాధ్యాయుని చేతిలో ఏదో ఒక సాధనము ఉండనే ఉన్నది. ఒకనాడు అది తాటాకు, మరొకనాడు పలక, నిన్నమొన్నటి వరకు నల్లబల్ల, సుద్దముక్క. నేడు వాటి సరసన సెల్‌ఫోను, ట్యాబు, గోడకు బిగించిన పెద్ద డిజిటల్ తెర వచ్చి చేరినవి. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా పాఠము చెప్పు వారిలో అంతర్జాల సాధనము నొకదానినైనా వాడి చూడనివారు ఈనాడు అరుదు. కాని వాడుట వేరు, వాడి ఫలితము తెలిసికొనుట వేరు. సాధనము కొత్తదా, పాతదా అను ప్రశ్నకు విద్యారంగములో పెద్ద విలువ లేదు. పాఠము విద్యార్థికి చేరినదా, చేరని చోట అతని సందేహము తిరిగి గురువునకు చేరినదా అనునదే అసలు ప్రశ్న. ఈ వ్యాసము ఆ ప్రశ్నను ఆధారము చేసికొని వ్రాయబడినది.

ముందు నడిచిన దారి

దూరము నుండి పాఠము చెప్పు ప్రయత్నము మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశములో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగము జరిగినది. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ 6 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ భాషలలో తెలుగు ఒకటి. ఉదయము బడి పిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు ఉండెడివి. విద్యుద్దీపము కూడా అపురూపమైన పల్లెలో బొమ్మ కదలి మాట్లాడుట సామాన్య విషయము కాదు. అయితే ఆ ప్రసారము ఒకే దిక్కుగా సాగినది. తెరపై పాఠము చెప్పిన వారిని పిల్లవాడు తిరిగి ప్రశ్నించు వీలు అందులో లేదు.

1984లో కేంద్ర ప్రభుత్వము పాఠశాలలలో కంప్యూటరు పరిచయమునకై ‘క్లాస్’ అను పథకమును ఆరంభించి, బ్రిటనులో రూపొందిన బి.బి.సి. మైక్రో యంత్రములను బడులకు పంపినది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎడ్యుశాట్ ఎగిరినది. కేవలము విద్య కొరకే మన దేశము ప్రయోగించిన తొలి ఉపగ్రహ మిది. దూరమున ఉన్న తరగతి నుండి విద్యార్థి తిరిగి మాట్లాడు ఏర్పాటు దీనితో సాధ్యమైనది. 2017లో స్వయం, స్వయంప్రభ, దీక్ష వచ్చినవి. పాఠ్యపుస్తకములో ముద్రించిన క్యూ.ఆర్. గుర్తును ఫోనుతో చూచిన వెంటనే దానికి సంబంధించిన దృశ్యపాఠము దీక్షలో తెరచుకొనుట నేడు పదవ తరగతి విద్యార్థికి కూడా తెలిసిన విషయమే.

ఇక 2020 మార్చిలో కరోనా కారణముగా బడులు మూతపడినవి. అంతకు ముందు ముఖాముఖిగా సాగుచుండిన ‘నిష్ఠ’ ఉపాధ్యాయ శిక్షణను అంతర్జాలమునకు మార్చవలసి వచ్చినది. ఆ మార్పు మొట్టమొదట ఆంధ్రప్రదేశ్‌తోనే ఆరంభమైనది. 2020 జూలై 16న మన రాష్ట్రమునకు చెందిన 1,200 మంది కీలక శిక్షకుల కొరకు దేశములోని తొలి అంతర్జాల నిష్ఠ శిక్షణ ప్రారంభింపబడినది.

ఈ సంఘటనలో గమనింపదగిన విశేషము ఒకటి ఉన్నది. ఆ సంవత్సరము గురువులే శిష్యుల స్థానములో కూర్చుండిరి. మాట తెగిపోయినపుడు వినువాడు ఏమి కోల్పోవునో, గంటసేపు కదలని బొమ్మను చూచుచు కూర్చున్నవాని మనస్సు ఎక్కడికి పోవునో, అడుగదలచిన ప్రశ్న నోటిలోనే ఎట్లు ఉండిపోవునో అంతర్జాలము ముందు కూర్చున్న ప్రతి ఉపాధ్యాయునికి అనుభవములోనికి వచ్చు విషయములే. సాధనమును ఎన్నుకొనుటకు ఇంతకు మించిన శిక్షణ లేదు. 1975 నుండి నేటి వరకు నడచిన దారినంతను చూచినచో, సాధనము విలువ అది చూపించు బొమ్మలో కంటె అది తెరచి ఉంచు తిరుగుదారిలో ఎక్కువగా ఉన్నదని స్పష్టమగుచున్నది.

బాపట్ల నేర్పిన పద్ధతి

ఒక సాధనము మంచిదో కాదో తేల్చుట ఎట్లు? దీనికి సమాధానమును మన ప్రాంతపు రైతులే చెప్పగలరు. దేశమంతటను పేరొందిన సాంబ మసూరి వరి బాపట్ల పరిశోధకుల సృష్టి. దాని సంఖ్య బి.పి.టి. 5204, 1986లో విడుదలైనది. బి.పి.టి. అనగా బాపట్లయే. ఒక కొత్త వంగడమును వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఒక్కసారిగా ఊరి పొలమంతటను చల్లించరు. చిరుసంచిలో కొద్ది విత్తనము నిచ్చి, పాత రకము ప్రక్కనే చిన్న మడిలో వేయింతురు. అదే నేల, అదే నీరు, అదే ఎరువు. దిగుబడిని కొలిచి, తెగులును లెక్కించి, ఆ పిమ్మట మాత్రమే రైతునకు సలహా చెప్పుదురు.

బోధనా సాధనమునకు కూడా ఇట్టి చిరుసంచి పరీక్ష అవసరము. అందుకు ఖర్చు లేదు, క్రమశిక్షణ చాలును. ఒకే పాఠమును రెండు సెక్షనులకు చెప్పునపుడు ఒక సెక్షనులో కొత్త సాధనమును, రెండవ దానిలో నల్లబల్లను వాడవలెను. పాఠమునకు ముందు 5 ప్రశ్నలు, పాఠము ముగిసిన నాడు అవే 5 ప్రశ్నలు, నెల గడచిన తరువాత మరల అవే ప్రశ్నలు రెండు సెక్షనులకును ఇయ్యవలెను. ఒక సెక్షనులో సహజముగానే చురుకైన వారు ఎక్కువ ఉండవచ్చును. కనుక తరువాతి పాఠమునకు సెక్షనులను తారుమారు చేయవలెను. ఆ దినమున సాధనము సిద్ధము చేయుటకు ఎన్ని నిమిషములు పోయినవో కూడా వ్రాసికొనవలెను. గంటలో 15 నిమిషములు తీగలు కలుపుటకే పోయినచో అదియు ఒక తెగులే.

మూడు పాఠములు

మాటలతో సరిపెట్టక మూడు ఉదాహరణములు చూతము. మొదటిది భూగోళము. ఇస్రో వారి ‘భువన్’ 2009 ఆగస్టు నుండి అందరికిని అందుబాటులో ఉన్నది. కృష్ణా డెల్టా పాఠము చెప్పునపుడు మొదట విద్యార్థులను తమకు తెలిసినంత మేరకు నది పటమును నోటుపుస్తకములో గీయమనవలెను. ఆ తరువాత తెరపై భువన్ చిత్రమును చూపవలెను. నదికి పడమటి ఒడ్డున రేపల్లె, పాయల నడుమ దివిసీమ, నిజాంపట్నము వైపున మడ అడవులు, తీరము వెంబడి రొయ్యల చెరువులు – తాము దినదినము నడచు నేల ఆకాశము నుండి ఎట్లు కనబడునో వారు చూతురు. పిదప తమ పటమును తామే దిద్దుకొందురు. ముందు గీయకుండా చిత్రమునే చూపినచో అది వినోదముగా ముగియును. గీసి చూచినచో పాఠ మగును.

రెండవది గణితము. ‘జియోజీబ్రా’ను ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయములో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆరంభించెను. వర్గ సమీకరణపు రేఖాచిత్రములో మొదటి గుణకమును మార్చుచు పోయినచో పరావలయము విప్పుకొనుట, ముడుచుకొనుట, తలక్రిందులగుట కంటికి కనబడును. గుణకము సున్న అయినపుడు ఏమగును? జవాబును విద్యార్థులు ముందుగా వ్రాసిన తరువాతనే ఉపాధ్యాయుడు దానిని తెరపై జరపవలెను. పరావలయము సరళరేఖగా మారిన ఆ క్షణమున, తప్పు వ్రాసిన విద్యార్థి కూడా కారణము అడుగును. ఈ సాధనమును ఒకసారి దించుకొన్నచో అంతర్జాలము లేకున్నను పని చేయును.

మూడవది ఏ పాఠమునకైనను పనికివచ్చు ‘ప్లికర్స్’. ఇందులో విద్యార్థికి ఫోనుతో పని లేదు. ప్రతి ఒక్కరికి నలుపు తెలుపు గుర్తుగల ఒక కాగితపు కార్డు ఇత్తురు. ఒక్కొక్క కార్డు గుర్తు ఒక్కొక్క తీరు. కార్డు నాలుగు అంచులకు నాలుగు జవాబులు. తాను ఎంచుకొన్న జవాబు గల అంచును పైకి పెట్టి విద్యార్థి కార్డును ఎత్తి చూపును. ఉపాధ్యాయుడు తన ఫోనును తరగతి మీదుగా త్రిప్పినచో ఎవరు ఏ జవాబు ఇచ్చిరో నమోదగును. గుర్తులు వేరు వేరుగా ఉండుటచే ప్రక్కవానిది చూచి ఎత్తుటకు వీలుపడదు. చేయి ఎత్తుటకు సిగ్గుపడు చివరి బెంచీ విద్యార్థి, నలుగురిలో నోరు విప్పని విద్యార్థిని, వీరి జవాబు కూడా మొదటి బెంచీ వారి జవాబుతో సమానముగా గురువునకు చేరును. ఒక్క ఫోనుతో తరగతి అంతటికిని తిరుగుదారి ఏర్పడినది.

ఫోను లేని విద్యార్థి

ఈ చర్చలో అన్నిటికంటె బరువైన విషయ మిదియే. ఒక ఇంటిలో ఒకే ఫోను ఉన్నదనుకొందము. పగలు అది పనికి పోవు తండ్రి వెంట పోవును. రాత్రి మొదట అన్న చేతికి, ఆ తరువాత తమ్ముని చేతికి వచ్చును. చదువుకొను చెల్లెలి వంతు వచ్చుసరికి దాని చార్జి అయిపోవును. ఇట్టి ఇంటి అమ్మాయికి ‘రాత్రి 9 గంటలలోగా ఫోనులో జవాబు పంపవలెను’ అను ఆజ్ఞ పాఠము కాదు, శిక్ష. ఆమె పంపలేదని సున్న వేసినచో, ఆ సున్న ఆమె తెలివికి కాక ఆమె ఇంటి పేదరికమునకు వేసిన మార్కు అగును. అల్పసంఖ్యాక వర్గముల బిడ్డల చదువు కొరకు వెలసిన కళాశాల ఈ విషయమున మరింత మెలకువగా ఉండవలెను. మార్కులు గల ఏ పనియైనను ఫోను లేకుండ కూడా పూర్తి చేయు వీలు ఉండితీరవలెను. ఇది మొదటి నియమము.

రెండవ నియమము ప్రకృతి నేర్పినది. మనది తుఫానుల తీరము. 1977 నవంబరు ఉప్పెనను ఈ ప్రాంతపు పెద్దలు నేటికిని మరువలేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. గాలివాన వచ్చినపుడు మొదట పోవునది కరెంటు, దాని వెనుక పోవునది సిగ్నలు. కనుక అంతర్జాలము లేనినాడు కూడా నడచు ఏర్పాటు ముందుగానే చేసికొనవలెను. ‘కివిక్స్’ అను ఉచిత సాధనము ద్వారా తెలుగు వికీపీడియాను, ఉర్దూ వికీపీడియాను కళాశాల కంప్యూటరులో దించి భద్రపరచుకొనవచ్చును. దృశ్యపాఠములను కూడా, అనుమతి ఉన్నంత వరకు, ముందే దించి ఉంచవలెను.

రెండు లిపులు

ఉర్దూ, తెలుగు రెండును చదువు విద్యార్థులున్న చోట సాధనపు భాష చిన్న విషయము కాదు. 2022లో చేసిన చట్ట సవరణతో మన రాష్ట్రమున ఉర్దూ రెండవ అధికార భాష అయినది. కాని యంత్రమునకు చట్టము తెలియదు. నస్తాలీఖ్ వ్రాతలో అక్షరములు ఒకదానిపై ఒకటి వాలుచు జారుట చేత అది చాలకాలము అచ్చు యంత్రమునకు లొంగలేదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్‌తో ఆ చిక్కు చాలవరకు తీరినది. నేటికిని కుడి నుండి ఎడమకు సాగు ఉర్దూ ప్రశ్నలో అంకెలు, గణిత సూత్రములు చేరినచో తెరపై వాటి స్థానములు తారుమారగుట కలదు. తెలుగులో చిక్కు వేరొక విధము. పాత అను ఫాంట్లతో టైపు చేసిన ప్రశ్నపత్రమును అంతర్జాల ప్రశ్నావళిలో అతికించినచో అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు ప్రత్యక్షమగును. దానిని యూనికోడులోనికి మార్చిన గాని పని జరుగదు. కాబట్టి ఏ ప్రశ్నావళినైనను విద్యార్థులకు పంపుటకు ముందు ఉపాధ్యాయుడు సాధారణమైన చిన్న ఫోనులో, రెండు లిపులలోను, స్వయముగా తెరచి చూచుకొనవలెను.

యంత్రము వ్రాసిన జవాబు

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ఇంకొక సమస్య తలయెత్తినది. ఇంటిపనిగా ఇచ్చిన వ్యాసమును క్షణములో యంత్రమే వ్రాసి ఇచ్చుచున్నది. ఇందులో నీతి ప్రశ్న ఉన్నమాట నిజమే. దానికంటె లోతైన నష్టము మరొకటి ఉన్నది. గురువు కష్టపడి తెరచిన తిరుగుదారిలో విద్యార్థి సందేహము రాక యంత్రపు నిశ్చయము వచ్చుచున్నది. తప్పులేని ఆ కాగితమును చూచి గురువు పాఠము అర్థమైనదని భ్రమించి ముందుకు సాగును; విద్యార్థి మాత్రము వెనుకనే నిలిచిపోవును. దీనికి విరుగుడు పాతదే. వ్రాసి తెచ్చిన దానిని పుస్తకము మూసి, 2 నిమిషములు తన మాటలలో చెప్పమనుట.

విద్యార్థుల పేర్లు, ఫొటోలు, ఫోను నంబర్లు ఏ సాధనమునకు ఇచ్చుచున్నామో కూడా చూచుకొనవలెను. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత వివరముల రక్షణ చట్టము 18 సంవత్సరములు నిండని వారి విషయమున తల్లిదండ్రుల సమ్మతి అవసరమను సూత్రమును నెలకొల్పినది. ఇంటర్మీడియెట్ విద్యార్థులలో అధిక సంఖ్యాకులు ఈ వయస్సు వారే. పేరునకు బదులు హాజరు సంఖ్యను వాడినచో చాల సందర్భములలో పని జరిగిపోవును.

ముగింపు

కళాశాల కార్యవర్గమువారికి మనవి చేయదగిన దేమనగా, ఒక్కసారిగా పది సాధనములు కొనుటకంటె, విభాగమునకు ఒక్కొక్క సాధనమును మాత్రమే ఎన్నుకొని, ఒక టర్ము కాలము చిరుసంచి పద్ధతిలో పరీక్షింపజేసి, ఆ ఫలితములను ఒక రిజిస్టరులో వ్రాయించుట మేలు. విఫలమైన ప్రయోగమును కూడా అందులో వ్రాయవలెను. ఏ మడిలో ఏ విత్తనము మొలవలేదో తెలియుట కూడ రైతునకు లాభమే కదా! ఫోను లేని విద్యార్థుల కొరకు గ్రంథాలయమున సాయంకాలము ఒక గంట కంప్యూటర్లను తెరచి ఉంచవచ్చును. రేపల్లె రైలునకు, బాపట్ల బస్సునకు పోవలసిన వారి వేళను బట్టి ఆ గంటను నిర్ణయింపవలెను.

విద్యార్థులకు చెప్పవలసిన మాట ఒక్కటే. సాధనము ఎంత గొప్పదైనను మీకు తెలియనిది ఏదో మీరు చెప్పినగాని గురువునకు తెలియదు. కార్డు ఎత్తియో, కాగితముపై వ్రాసియో, లేచి నిలబడి నోటితోనో మీ సందేహమును గురువునకు చేర్చుడు. అది చేరిననాడే పాఠము మొదలైనట్లు.