గట్టు మీద ఇద్దరం

చెల్లీ, ఈసారి వంటలూ పిల్లల చదువులూ పక్కన పెట్టి, నీతో ఒక సైకిలు సంగతి మాట్లాడాలి.

పదేళ్ల వయసులో హైదరాబాద్ అశోక్‌నగర్ సందుల్లో నేను అద్దె సైకిలు తొక్కేదాన్ని. సీటు అందేది కాదు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచి కొట్టేదాన్ని. చిక్కడపల్లి లైబ్రరీ ముందు నుంచి నారాయణగూడ దాకా వెళ్లి, గంట నిండేలోపు వచ్చి షాపులో అప్పగించేయాలి. పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ సంబరమంతా అయ్యాక ఒక సాయంత్రం సైకిలుకి డబ్బులడిగితే అమ్మ తల దువ్వుతూ "ఇంకెందుకులేవే" అంది. తిట్టలేదు, కోప్పడలేదు. ఆ ఒక్క మాటతో ముప్ఫై ఎనిమిదేళ్లు సైకిలెక్కలేదు నేను. నీతోనూ ఎవరో ఒకరు ఆ మాట అనే ఉంటారు. మనకి ట్రాఫిక్ భయమనీ మోకాళ్ల నొప్పులనీ తర్వాత చెప్పుకున్నాం గానీ, సైకిలు మన చేతిలోంచి పోయింది మాత్రం ఆ రోజే.

మళ్లీ ఎక్కించింది నా సొంత చెల్లెలు. తను వర్జీనియాలో ఉంటుంది. మూడేళ్ల కిందట నేను వెళ్లినప్పుడు ఒక ఆదివారం పొద్దున్నే నన్ను కాలువ గట్టుకి తీసుకెళ్లింది. చెసపీక్ అండ్ ఒహాయో కాలువ అంటారు దాన్ని. వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్ నుంచి మేరీలాండ్‌లో కంబర్లాండ్ దాకా 297 కిలోమీటర్లు. ఒకప్పుడు ఆ గట్టు మీద కంచరగాడిదలు నడుస్తూ తాడుతో పడవలు లాగేవట. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయాయి. ఆ గట్టు మీదుగా కార్ల రోడ్డు వేద్దామన్నారు. రోడ్డే మంచిదని ఒక పెద్ద పత్రిక రాస్తే, సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్, "మీరూ నాతో నడిచి చూడండి, ఆ తర్వాత రాయండి" అని సంపాదకుల్ని పిలిచాడు. 1954లో ఆయన ఆ దారంతా నడిచాడు. రోడ్డు పడలేదు. 1971లో దాన్ని జాతీయ చారిత్రక పార్కు చేశారు. ఇవాళ అక్కడ ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, అందరూ సైకిళ్ల మీద పోతుంటారు. చెల్లెలు నన్ను వెనక నుంచి పట్టుకుని వంద గజాలు తోసి వదిలేసింది. పడలేదు. దిగాక ఏడుపొచ్చింది చెల్లీ, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

అప్పుడు అడిగింది మా చెల్లెలు: "అక్కా, మన గోదావరి కాలువలకీ గట్లున్నాయి కదా?"

ఉన్నాయి! మా అమ్మమ్మగారి ఊరు కడియం దగ్గరే. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు కాటన్ దొర. ఆయనకి నీళ్లు పొలాలకి పారడం ఒక్కటే చాలలేదు, ఆ నీళ్ల మీద పడవలు కూడా నడవాలన్నది ఆయన పట్టుదల. అందుకే కాలువలు వెడల్పుగా తవ్వారు, మట్టం మారిన చోట లాకులు కట్టారు. గట్లూ మనిషి నడిచేలా వేశారు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప, లేకపోతే సరంగు మనుషులు గట్టెక్కి తాడు భుజానేసుకుని లాగడం. మా అమ్మమ్మ పెళ్లయి అత్తారింటికి గూటి పడవలోనే వెళ్లిందట. రాత్రంతా గట్టు మీద మనుషుల అడుగులు వినిపిస్తూనే ఉన్నాయని చెప్పేది. కాకినాడ నుంచి గోదావరి, కృష్ణా కాలువల మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు దాకా పడవలు పోయిన కాలం అది. అమెరికా గట్టు మీద కంచరగాడిద నడిచిన చోట ఇక్కడ మన మనిషే నడిచాడు. గట్టు మీద నేను నెమ్మదిగా పోయేది అందుకు కూడా.

కిందటి డిసెంబరులో చెల్లెలు వచ్చింది. సైకిళ్లు ముందే పార్సిల్లో వేసి, సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి రాజమండ్రిలో దిగాం. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఇంకా తెరవలేదు. లాకుల దగ్గర టీ తాగి, తూర్పు డెల్టా కాలువ పట్టుకుని కడియం వైపు కదిలాం. కొంత దూరం తారు రోడ్డే గట్టు. లారీలు వస్తుంటే నాకు చేతులు చెమట్లు పట్టాయి. తర్వాత అడిగి అడిగి ఒక పక్క కాలువ మట్టి గట్టెక్కాం. అక్కణ్ణించి నేను వేరే మనిషిని. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క దాళ్వా ఊడ్పులు. మంచు ఇంకా విడవలేదు. నర్సరీల వైపు నుంచి తడి మట్టీ బంతిపూలూ కలిసిన వాసన. గట్టు ఇద్దరం పక్కపక్కన తొక్కేంత వెడల్పు. ముప్ఫై ఏళ్లలో మేమిద్దరం ఫోన్లో చెప్పుకోలేనివి ఆ మూడు గంటల్లో చెప్పుకున్నాం. అమ్మ ఆఖరి రోజుల గురించి కూడా. ఎదురుగా కూర్చుని ఉంటే అవి నోరు దాటేవి కావు. పక్కన తొక్కుతూ చూపు దారి మీద ఉంటే వచ్చేశాయి.

ఒకచోట నాటు వేస్తున్న ఆవిడ నడుం నిటారు చేసి, "ఏవండీ అమ్మగారూ, బండి పాడైపోయిందాండీ?" అని అడిగింది. యాభై దాటిన ఇద్దరు ఆడవాళ్లు కావాలని సైకిలు తొక్కుతారని ఆమెకి తోచలేదు. సరదాకే తొక్కుతున్నామని చెప్పాం. కాసేపు చూసి, "మా అమ్మాయి బడికి సైకిలు మీదే వెళ్తాదండి, ఆయ్" అంది. ఆ పిల్లకి పన్నెండు నిండాయో లేదో అడగాలనిపించింది. అడగలేదు.

ఇంక నీకు పనికొచ్చేవి చెప్తాను. మౌంటెన్ బైక్ అంటే కొండలుండాలనుకోకు. దాని లావు టైర్లు, ముందు చక్రానికుండే సస్పెన్షనూ గట్టు మీద గుంతలకీ కంకరకీ సరిగ్గా సరిపోతాయి. మెత్తటి మట్టిలో టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు బాగుంటుంది. సీటు ఎత్తు ముఖ్యం: పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. సీటు కిందికుంటే మోకాళ్లు పట్టేస్తాయి, చాలామంది మానేసేది అక్కడే. లాకుల దగ్గర ఎత్తు వస్తుంది, ఎక్కకముందే గేరు తగ్గించు. కంకర మీద ముందు బ్రేకొక్కటే గట్టిగా నొక్కకు, రెండూ మెల్లగా పట్టు. చున్నీ ఇంట్లో పెట్టెయ్యి, చెయిన్లో పడుతుంది. మాకు తుమ్మ ముల్లు దిగి పంక్చరయింది. విడి ట్యూబూ పంపూ ఉన్నాయి గనక అరగంటలో బయటపడ్డాం. ఈత రానివాళ్లు పొలం వైపు తొక్కాలి, వచ్చినవాళ్లు నీళ్ల వైపు. నేనెప్పుడూ పొలం వైపే.

ఇంకొకటి, ఇది మనలో మాట. బయటికెళ్తే బాత్రూమ్ దొరకదని మనం నీళ్లు తాగడం మానేస్తాం. సైకిలు మీద అది పనికిరాదు, కళ్లు తిరుగుతాయి. పెట్రోలు బంకులో ఆగు, గుళ్లో ఆగు, ఏ ఇంటి ముందైనా ముగ్గేస్తున్న ఆవిడని అడుగు. మేం మూడిళ్లలో అడిగాం. ముగ్గురూ లోపలికి తీసుకెళ్లారు, ఒకావిడ పెరుగన్నం పెట్టింది.

వానల్లో వెళ్లొద్దు, ఆ బంకమట్టి చక్రాలకి చుట్టుకుని సైకిలు కదలదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, అది తొక్కకుండా దిగి నడవాలి. ముందుగా ఇక్కడ సిటీలోనే అలవాటు చేసుకో. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద లారీల బెడద లేదు. నేను అక్కడే ధైర్యం తెచ్చుకున్నాను.

మన హిమాయత్‌నగర్‌కీ ఒక కాలువ ఉంది చెల్లీ. కుతుబ్‌షాహీల కాలం నాటి హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు అశోక్‌నగర్, హిమాయత్‌నగర్ పక్క నుంచి మూసీకి పోయే నాలా. వానొస్తే మన సందుల్లోకి పొంగేది అదే. దానికి గోడలున్నాయి గానీ గట్టు లేదు. ఇళ్లు దాని అంచు దాకా వచ్చేశాయి. మనిషి నడిచే గట్టుంటే, రోజూ దాని పక్కన నడిచేవాళ్లుంటే, అందులో ఇంత చెత్త పడేసే ధైర్యం ఎవరికీ ఉండదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ధవళేశ్వరం నుంచి వచ్చాక ఆ నాలా మీది వంతెన దాటేటప్పుడల్లా ఆగి చూస్తున్నాను.

సంక్రాంతి ముందు వారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి పి.గన్నవరం దాకా. అక్కడ గోదావరి పాయ మీదుగా కాలువనే దాటించారు, 49 ఆర్చీల మీద. కాటన్ కాలంలో కట్టింది. అప్పట్లో దాని కింద నది, పైన కాలువ పారేవి. మా పై అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరుగారు నిన్న మెట్ల మీద ఆపి, తన మనవడి సైకిలు సీటు కిందికి దిగుతుందా అని అడిగారు. పానా తీసుకుని ఈ సాయంత్రం పైకి వెళ్తున్నాను.