గెడ్డనీరు – గాజుపలక

మనుమరాలికి,

ఉష్ణమండల వ్యాధులను శోధించు పెద్ద సంస్థలో చేరిననే గాని పరిశోధన సాధ్యపడదనియు, గుమ్మలక్ష్మీపురమున రక్తపరీక్షలు నేర్చుట ఉదరపోషణార్థము మాత్రమే యనియు నీవు వ్రాసితివి. ఆ మాట నాకు సమ్మతము కాదు.

బేగంపేటలోని పరాన్నజీవిశాస్త్ర సంస్థకును, జనులు కోరంటి ఆసుపత్రి యని పిలుచు నల్లకుంట జ్వరాల ఆసుపత్రికిని సర్ రోనాల్డ్ రాస్ పేరే పెట్టిరి. అయితే 1897 ఆగస్టు 20వ తేదీనాటికి అట్టి సంస్థలేవియు లేవు. హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుని దోమలచే కుట్టించి, దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున అతనికిచ్చి, పిదప ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి చూచుచు, తుదకు మచ్చల రెక్కల దోమ జఠరకుడ్యమున నల్లని రేణువులు గల మలేరియా పరాన్నజీవి కోశములను రాస్ సికింద్రాబాదులో కనుగొనెను. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. నెత్తురిచ్చిన హుసేన్ ఖానునకు చరిత్రలో అణాల లెక్కయే మిగిలినది.

ఇక మీ గుమ్మలక్ష్మీపురపు కొండల మాట. దోమ యనగానే మురికికాలువ తలచుట పట్టణవాసుల అలవాటు. తూర్పుకనుమలలో మలేరియాను మోయు అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్ దోమ, గడ్డి మొలచిన గెడ్డ అంచులలో మెల్లగా పారు తేటనీటనే గ్రుడ్లు పెట్టును. మరియు, పోడు పంటకు కాపుండి కొండపైననే నిద్రించు సవరకో, జాతాపునకో, ఊరిలోని యింటిగోడకు కొట్టిన మందు రక్షణ యెట్లగును? ఇట్టి ప్రశ్నలు ఆ గెడ్డలు దాటి తిరుగువారికే తోచును, అమ్మాయీ.

ఇక రక్తపరీక్షలో, గాజుపలకపై నెత్తుటి మందపుపూత పరాన్నజీవి యున్నదో లేదో చెప్పును. పలుచనిపూత దాని జాతిని చెప్పును. మందపుపూతలో నూరు దృష్టిక్షేత్రములైనను చూడక ‘లేదు’ అని వ్రాయకుము. ఆ జాతులలో ఫాల్సిపరం మెదడునకెక్కి ప్రాణము తీయగలదు; నెలవంక వంటి దాని రూపములను గుర్తుపట్టుట మొదట నేర్వుము. వైవాక్స్ కాలేయమున దాగి, నెలల పిమ్మట మరల లేచును. కావుననే వైద్యులు దానికి 14 దినములు ప్రైమాక్విన్ ఇత్తురు, జ్వరము దిగెనని రోగి నడుమ మానరాదు.

ఈ వానకాలమున గెడ్డనీరు ఏ మలుపులలో మందగించునో, ఏ గూడెమున ఏ నెలలో చలిజ్వరములు హెచ్చునో, పలకపై ఏ జాతి కనబడునో తేదీలతో ఒక పుస్తకమున వ్రాసి, సెలవులకు వచ్చునపుడు నాకు చూపుము.

ఇట్లు,
నీ తాత