రామనగరం: ప్రజలే గుర్తించిన పాలన

పొదిలికి తూర్పున, సముద్రతీరానికి చేరువలో చీరాల ఉన్నది. చేనేతకు ప్రసిద్ధి చెందిన ఆ ఊరి ప్రజలు 1921లో తమ పాలనను తామే నడుపుకొన్నారు.

ఆంగ్ల ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చినది. ఏటా 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000 రూపాయలకు పెరిగినది. పేదల విన్నపాలను ఏలికలు ఆలకించలేదు. అప్పుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వారికి నాయకుడైనాడు. ఇంచుమించు 15,000 మందిలో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, పురపాలక సంఘపు పొలిమేర దాటి, పాకలు వేసుకొని రామనగరాన్ని నిర్మించుకొన్నారు. తగవులు తీర్చుటకు పంచాయతీ, సేవకు, రక్షణకు 'రామదండు' ఏర్పడినవి. ఆ పాలనకు ప్రభుత్వపు గుర్తింపు లేదు. ప్రజల విశ్వాసమే నాయకుని మాటకు బలం.

అయితే ఆ బలమంతా ఒక్క వ్యక్తిపైనే ఆధారపడినది. నిధుల సేకరణకై బరంపురం వెళ్ళిన గోపాలకృష్ణయ్యను నిర్బంధించి, ఏడాది జైలుశిక్ష విధించారు. నాయకుడు దూరమై, ఎండవానలకు తాళలేక, సుమారు 11 నెలలకు ప్రజలు తిరిగి తమ ఇండ్లకు చేరారు.

ఆఫ్రికాలో 1991లో స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న సోమాలీలాండ్‌ను ప్రపంచంలోని చాలా దేశాలు నేటికీ గుర్తించలేదు. అయినను అక్కడ ఎన్నికల ద్వారా అధ్యక్షులు మారుచున్నారు, పాలన సాగుచున్నది. తాను లేనినాడు కూడా నిలిచే వ్యవస్థను నిర్మించుటయే నాయకుని ప్రథమ కర్తవ్యమని ఈ రెండు ఉదాహరణలు తెలుపుచున్నవి.